నాలుగడుగుల నేలలో నేరేడు రంగు చెట్టు

దానవాయిపేటలో మా ఇంటికి ఎప్పుడైనా వచ్చినవారికి తెలుసు; రానివారి కోసం చెబుతున్నాను. వీధి గోడకూ మా అరుగుకూ మధ్య వున్న నేల వెడల్పు నాలుగడుగులు. పొడవు ఇరవై రెండు. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి కనుక ఈ కొలతల్లో అంగుళం తేడా వుండదని హామీ ఇవ్వగలను. మా నాన్నగారి రోజుల్లో అక్కడొక గన్నేరు వుండేది. పూజకు పువ్వులిచ్చేది, వీధి దుమ్మును ఆపేది. గన్నేరు విషమని, ఆకు నోట్లో పెట్టుకోకూడదని మాకెవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. మాటలు వచ్చేనాటికే ఆ మాటా వచ్చేసింది. తర్వాత గోడ ఎత్తు చేయించినప్పుడు గన్నేరు పోయింది. నేల మాత్రం ఖాళీగా వుండిపోయింది.

ఆ నాలుగడుగుల్లో మళ్ళీ ఒక చెట్టు నిలబడడానికి రెండేళ్ళ కాలం, రెండు కడియం ప్రయాణాలు, తొమ్మిది రోజుల కన్నునొప్పి పట్టాయి. మొక్కల శాస్త్రం చదివినవారు ఈ వ్యాసం వదిలేయవచ్చు. నాలాగే వాకిట్లో ఇంత చోటు పెట్టుకుని, ఏదైనా కొత్తరకం చెట్టు తెచ్చి పాతుదామని ఉబలాటపడేవారి కోసమే రాస్తున్నాను.

అమ్మాయి వాకిటి చెట్టు

2022 వేసవిలో నేనూ మా ఆవిడా మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలు వుండి వచ్చాము. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరం. అక్కడ వాళ్ళ ఇంటిముందు, కారు నిలిపే చోటు పక్కనే ఒక చెట్టు వుంది. ధ్వజస్తంభంలాగా సన్నగా, నిటారుగా పైకి పోయింది. కొమ్మలన్నీ చేతులు జోడించినట్టు ఆకాశంకేసే చూస్తుంటాయి. ఆకు మాత్రం ఆకుపచ్చ కాదు. బాగా మగ్గిన నేరేడుపండు రంగు. పొద్దున్న ఎండ వెనకనుంచి పడితే ద్రాక్షరసంలా మెరిసేది.

మా ఆవిడ రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని ఆ చెట్టు పక్కన మెట్టుమీద కూర్చునేది. అమ్మాయి ఆఫీసు పనిలో, అల్లుడు తన పనిలో, మనవరాలు అప్పటికింకా నడక నేర్చుకునే పనిలో వుండేవారు. ఆవిడకు తీరిగ్గా తోడు కూర్చున్నది ఆ చెట్టే. తిరిగివచ్చే రోజున ఒక ఆకు కోసి, లలితా సహస్రనామం పుస్తకంలో పెట్టుకుంది. ఇంటికొచ్చి ఇంకా పెట్టెలు విప్పకముందే, "ఏమండీ, అలాంటి చెట్టు మన వాకిట్లోనూ వుంటే, పొద్దున్నే లేచి అమ్మాయి ఇంటిముందు కూర్చున్నట్టే వుంటుంది కదా!" అంది.

కాదనడానికి నాకు నోరు రాలేదు. పైగా నాలుగడుగుల నేలకు సన్నని చెట్టు లెక్క ప్రకారం సరిపోయింది కూడాను.

కడియం ప్రయాణం

గోదావరి జిల్లాలవారికి మొక్క కావాలంటే వెతుక్కోనక్కరలేదు. ధవళేశ్వరం దాటి, వేమగిరి మీదుగా జాతీయ రహదారి పట్టుకుంటే కడియపులంక. దారికి రెండువైపులా కంటికి ఆనినంత మేర మొక్కలే. చుట్టుపక్కల గ్రామాల్లో వేల ఎకరాల్లో ఇదే వ్యవసాయం. లారీలకు లారీలు ఇక్కణ్ణించి ఇతర రాష్ట్రాలకు పోతాయి. దీనికంతకూ మూలం నీరు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. ఆ నీళ్ళు కాలువల్లోకి వచ్చాయి, కాలువ వెంట ఒండ్రు నేల వుంది, ఆ నేలలో వేలు పాతినా చిగురిస్తుందని పెద్దలనేవారు. పూలతోటలతో మొదలై, పల్ల వెంకన్నగారి వంటి రైతుల పట్టుదలతో అది ఇంతింతై ఈనాటి కడియం అయింది.

మేము మొదట వెళ్ళిన తోటలో ఒక ముసలాయన వున్నాడు. డెబ్భై దాటి వుంటాయి. చేతిలో అంటుకత్తి. మా ఆవిడ పుస్తకం తెరిచి ఎండిన ఆకు చూపించింది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, తిప్పి చూశాడు.

"ఇది చలిదేశపు సరుకండీ మేష్టారూ. ఆల్‌బుకరా జాతి. మన దగ్గర బతకదండి."

"ఎందుకు బతకదూ? నీళ్ళు బాగా పోస్తాం" అంది మా ఆవిడ.

"ఆయ్, నీళ్ళు కాదండమ్మా దానిక్కావలసింది. మంచు. శీతాకాలంలో ఆకంతా రాల్చేసి కొన్నాళ్ళు నిద్రపోవాలండి. గట్టి చలి తగిలితేగాని మళ్ళీ మొగ్గ విప్పదు. మన పుష్యమాసం చలికి దానికి కునుకు కూడా పట్టదండి."

ముసలాయన చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ ఎర్రాకు ఆల్‌బుకరాను ప్రపంచానికి పరిచయం చేసినవాడు పిస్సార్డ్ అనే ఫ్రెంచివాడు. పర్షియా షా తోటలో తోటమాలిగా వుండేవాడు. అక్కడ కనిపించిన ఎర్రాకు చెట్టును 1880లో ఫ్రాన్సుకు పంపించాడు. చలిదేశాల ఇళ్ళ వాకిళ్ళలోకి అది అక్కణ్ణించే పాకింది. అందులోంచి సన్నగా నిటారుగా పెరిగే రకాలను తర్వాత వేరుచేశారు. ఇదే ముచ్చట బీచ్ చెట్టుతోనూ తీర్చుకున్నారు. స్కాట్లండులోని డాయిక్ తోటలో పుట్టిన స్తంభంలాంటి బీచ్ నుంచి, 1960 దశకం చివర హాలండులో ఊదారంగు ఆకు రకాన్ని తీశారు. ఇరుకు చోటులో రంగు చెట్టు కావాలన్న కోరిక మా ఆవిడ ఒక్కదానిదే కాదన్నమాట! కాని ఆ చెట్లన్నీ చలి మరిగినవి. మన యాపిల్ కాశ్మీరంలో కాస్తుందిగాని కాకినాడలో కాయదు గదా, ఇదీ అంతే.

ముసలాయన మమ్మల్ని వట్టి చేతులతో పంపడం ఇష్టంలేక నరమామిడి వరస దగ్గరికి తీసుకెళ్ళాడు. సన్నగా, సూటిగా, కొమ్మలు కిందికి వాల్చుకుని నిలబడే ఆ చెట్టును మనవాళ్ళు అశోకచెట్టు అనేస్తారు. అది అశోకం కాదు. సీతమ్మవారు కూర్చున్న అశోకం వేరు. ఎర్రటి పూలగుత్తులతో, చిగురు వేసినప్పుడు రాగిరంగు ఆకులు గుడ్డపీలికల్లా వేలాడుతూ, విశాలంగా పరుచుకునే చెట్టు. నరమామిడి మాత్రం ఎవరూ కత్తిరించకుండానే సన్నగా వుంటుంది. తల నరకకుండా వుంటే చాలు. లేత ఆకు రాగిరంగులోనే వస్తుంది.

"ఇది పెట్టుకోండమ్మా. మూడడుగుల్లో సర్దుకుంటుంది."

మా ఆవిడ పెదవి విరిచింది. "ఇది ప్రతి బడి ముందూ, ప్రతి ఆసుపత్రి ముందూ వుంటుందిగా!"

"మరి మీ ఇష్టమండి" అన్నాడాయన. "కొన్నేళ్ళ కిందట అందరూ కోనోకార్పస్ కోనోకార్పస్ అని ఎగబడ్డారండి. త్వరగా పెరుగుతుందని, సన్నగా వుంటుందని. ఇప్పుడు గవర్నమెంట్లే వద్దంటున్నాయి." ఆ మాటా నిజమే. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటవద్దని నిషేధమే పెట్టింది.

"కోస్తే పాలొస్తాయండి"

నాలుగు తోటలు దాటాక మా ఆవిడ "అదిగో!" అని కేకేసింది. మనిషెత్తు మొక్క. ఆకులు మూడేసి ఒకచోట పుట్టి, గుండ్రంగా, ముదురు నేరేడు రంగులో వున్నాయి. ఎండలో అచ్చం కొలంబస్ చెట్టులాగే మెరుస్తున్నది. ఆ తోట కుర్రాడు సంచి ఎత్తి మా ఆటోలో పెడుతూ, "కోస్తే పాలొస్తాయండి, కాస్త చూసుకోండి" అన్నాడు. నేను తల ఊపాను. పాలు కారని చెట్టేముంది? మర్రికి కారవా, జిల్లేడుకు కారవా? పేరడగాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. ఇందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదు. వాడు చెప్పాడు, నేను వినలేదు.

శ్రావణమాసంలో నాటాము. భేషుగ్గా నాటుకుంది. ఎండ తగిలినవైపు ఆకు ముదురు రంగు తిరిగింది. అరుగు నీడ పడినవైపు వెలవెలబోయి ఆకుపచ్చకు దిగింది. దీనికి కారణం చెబుతాను. ఆకులో పచ్చదనం ఎటూ వుంటుంది, అది లేకపోతే చెట్టుకు అన్నం లేదు. దానిమీద ఎర్రని ముసుగు వేసే పదార్థం ఆంథోసయనిన్. నేరేడుపండుకూ, వంకాయ తోలుకూ, ఎర్ర మందారానికీ రంగునిచ్చేది ఆ కుటుంబమే. (ఎర్ర తోటకూర, బీట్‌రూట్‌ల రంగు మాత్రం వేరే జాతి పదార్థం.) ఎండ ఎంత తగిలితే ఆకు ఈ రంగును అంతగా తయారుచేసుకుంటుంది. మామిడి చిగురూ, రావి చిగురూ ఎర్రగా వుండేదీ ఇందువల్లనే. లేత ఆకు ఇంకా ఎండకు తట్టుకోలేదు కనుక, పచ్చదనం ముదిరేదాకా ఈ ఎర్రగొడుగు పట్టుకుంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాబట్టి రంగాకు చెట్టును నీడన పెట్టి, రంగు రాలేదని నర్సరీవాణ్ణి తిట్టడం ధర్మం కాదు. రోజుకు ఆరుగంటలైనా నేరుగా ఎండ తగలాలి.

మా ఆవిడ సంతోషానికి మేరలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అరుగు చివర కూర్చునేది. ఫోనులో అమ్మాయికి చూపించేది. "మీ చెట్టు, మా చెట్టు" అని పోలికలు. కొలంబస్ చెట్టు వసంతంలో ఆకు రాకముందే లేతగులాబీ పూలు పూసేది. మా చెట్టుకు చిన్న చిన్న తెల్లపూలు వచ్చాయి, అంతే. ఆ ఒక్క లోటూ ఆవిడ క్షమించింది.

క్షమించరానిది నాకు రెండో ఏట కనిపించింది. చెట్టు సన్నగా వుండడం లేదు. అది సంచిలో వున్నంతకాలం, పక్క మొక్కలతో ఒరుసుకుంటూ, వెలుతురు కోసం సూటిగా పెరిగింది. ఇక్కడ చోటు దొరికేసరికి గొడుగులా విచ్చుకుంది. టేపు పెట్టి కొలిస్తే ఎత్తు తొమ్మిదడుగులు, వెడల్పు అయిదు. నాలుగడుగుల నేలలో అయిదడుగుల చెట్టు! గోడ దాటి వీధిలో పోయేవారి భుజాలకు తగులుతున్నది. కలప మెత్తన, గాలికి కొమ్మలు పుటుక్కున విరిగేవి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగిన సంగతి ఎరిగినవాళ్ళం గనక, గాలి అంటే మాకు ఎప్పుడూ బెరుకే. కాబట్టి కత్తిరించక తప్పదు. నెలకోసారి కత్తెర పట్టుకోవడం మొదలుపెట్టాను. కోసిన ప్రతిచోటా తెల్లటి పాలు బొటబొటా కారేవి.

కన్ను

2024 మే నెల. పొద్దున్న ఆరుగంటలకే వుక్కపోత. స్టూలు ఎక్కి, తలపైకెత్తి, పైకొమ్మలు కోస్తున్నాను. చెమట కంట్లోకి దిగుతుంటే మణికట్టుతో తుడుచుకున్నాను. అంతే జరిగింది. ఆ క్షణాన ఏమీ అనిపించలేదు. కొమ్మలు పోగేసి, కాఫీ తాగి, పేపరు విప్పాను. అప్పుడు మొదలైంది మంట. కారం పడ్డట్టు కాదు, నిప్పుకణిక రెప్పకింద పెట్టినట్టు. పది గంటలకల్లా కుడికన్ను తెరుచుకోలేదు. పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చి, చంటిపిల్లల తల్లిపాలు రెండు చుక్కలు వేయిద్దామన్నారు. ఎదురింటాయన ఆముదం అన్నారు. మా ఆవిడ ఎవరి మాటా వినకుండా నన్ను కుళాయి కింద కూర్చోబెట్టి, చెంబులతో నీళ్ళు పోసి కళ్ళు కడిగింది. తర్వాత కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు దీపం వేసి చూసి, నల్లగుడ్డు మీది పొర దెబ్బతిన్నదన్నాడు. "ఏం చెట్టండీ?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను గాని, మాట రాలేదు. రెండేళ్ళు నీళ్ళు పోసి పెంచిన చెట్టు పేరు నాకు తెలియదు!

"పాలు కారే చెట్టు" అన్నాను.

"అలా అయితే కడగడమే మందు. వెంటనే, ఆలస్యం చేయకుండా, పావుగంట తక్కువ కాకుండా మంచినీళ్ళతో. మీరు కాఫీ తాగేలోపు కడిగి వుంటే ఇంత దూరం వచ్చేది కాదు. తల్లిపాలూ, నూనెలూ ఏమీ వేయకండి" అన్నాడు. చుక్కలమందు రాసిచ్చాడు. తొమ్మిది రోజులు చీకటిగదిలో వున్నాను. పదోనాటికి చూపు తేటపడింది. అది నా అదృష్టం.

పేరు చెప్పింది కొలంబస్‌లో వున్న మా అమ్మాయి. తల్లి పంపిన ఫోటో చూసి, అక్కడ ఎవరినో అడిగి, పుస్తకాలు తిరగేసి ఆ రాత్రే ఫోను చేసింది. యూఫోర్బియా కొటినిఫోలియా. సొంతవూరు మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాలు. 1753లోనే లిన్నేయస్ దీనికి పేరు పెట్టాడు. అక్కడివాళ్ళకు దీని సంగతి ఎప్పటినుంచో తెలుసు. దీని పాలు నీళ్ళలో కలిపి చేపలకు మత్తెక్కించి పట్టేవారట. మన బొంతజెముడుకూ, కాడజెముడుకూ ఇది దగ్గరి చుట్టం. జెముడుపాలు కంట పడితే కన్ను పోతుందని మా అమ్మమ్మ వందసార్లు చెప్పింది. కాని జెముడు ముళ్ళు వేసుకుని వస్తుంది కనుక గుర్తుపడతాము. ఇది పట్టుచీర కట్టుకుని వచ్చింది.

ఫోను పెట్టేముందు అమ్మాయి అంది: "అమ్మా, డిసెంబరులో పాపను తీసుకుని వస్తున్నాం. దానికి దొరికిన ఆకునల్లా తుంచడం అలవాటు. తుంచి నోట్లో పెట్టుకుంటుంది."

మా ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం కళ్ళకు గంత కట్టుకుని పడుకున్న నా పక్కన కూర్చుని, "చెట్టు తీయించండి" అంది.

అది ఆవిడ చెట్టు. ఆవిడ పొద్దుటి కాఫీ దాని పక్కనే. నేనే ఆగలేక, "చుట్టూ దడి కట్టిద్దాంలే. గన్నేరు మాత్రం విషం కాదూ? మనం దానికింద ఆడుకుని పెరగలేదూ?" అన్నాను.

"గన్నేరు సంగతి చెప్పడానికి వీధినిండా అమ్మమ్మలుండేవారు. దీని సంగతి ఈ వీధిలో ఎవరికి తెలుసు? మీకే తెలియలేదు. గోడ అవతల పోయే బడిపిల్లలకు ఎవరు చెబుతారు?"

నా లెక్కలన్నిటికంటె ఈ లెక్క పెద్దది. నేను మారు మాట్లాడలేదు.

మళ్ళీ ముసలాయన దగ్గరికి

చెట్టు తీయడానికి వచ్చినవాళ్ళకు రబ్బరు తొడుగులు, కళ్ళజోళ్ళు, నిండు చేతుల చొక్కాలు ఇచ్చి, అప్పుడు కత్తి ముట్టుకోనిచ్చాను. కొమ్మలు తగలబెట్టనివ్వలేదు, ఆ పొగ తగిలినా కళ్ళు మండుతాయన్నారు. లోతుగా గొయ్యి తీసి పూడ్పించాము. మొదలు మళ్ళీ చిగురించకుండా వేళ్ళతో సహా తవ్వించాము. ఒక మాట న్యాయంగా చెప్పాలి. పెద్ద తోటలో, పిల్లలు తిరగని మూల, కత్తెర అవసరం లేనంత చోటిచ్చి పెంచితే అది అందమైన చెట్టే. మా తప్పల్లా, కోస్తేగాని సన్నబడని చెట్టును, కోస్తే విషం కార్చే చెట్టును, అస్తమానం కోయవలసిన ఇరుకు చోటులో పెట్టడం.

ఆషాఢంలో మళ్ళీ కడియం వెళ్ళాము. ముసలాయన నా కన్నుకేసి చూసి అంతా గ్రహించాడు. ఒక్క మాట దెప్పలేదు. నేను కాగితం తీసి రెండు ప్రశ్నలడిగాను. "ఇరుకు చోటులో ఒదిగి వుంటుందా? కోస్తే ఏం కారుతుంది?"

"ఆయ్! మేష్టారు ఇప్పుడు రైతయ్యారండి" అని నవ్వి, ఒక వరస దగ్గరికి తీసుకెళ్ళాడు. నిలువెత్తు, దీపపు సెమ్మెలా కింద వెడల్పు, పైన సన్నం. ఒళ్ళంతా చిన్న చిన్న నున్నని ఆకులు. ముదురాకు పచ్చన, కొసలు మాత్రం రాగిరంగు, ఎరుపు. తోటలవాళ్ళు యూజీనియా అంటారు. శాస్త్రనామం సిజీజియం కంపాన్యులేటం. మలయా, బోర్నియో, సుమత్రా అడవులది. మన వర్షం, మన వుక్క దానికి పుట్టింటి వాతావరణం. కోస్తే పాలు లేవు, జిగురు లేదు. అన్నిటికంటె విచిత్రం, ఇది మన నేరేడు ప్రజాతిలోదే. లవంగమూ ఆ ప్రజాతిదే.

"ఇది వూరికే వదిలేస్తే మరీ సన్నగా వుండదండి, చెట్టయిపోద్ది" అని ముందే చెప్పాడు. "కాని కత్తెరకు లొంగుద్దండి. కోసినప్పుడల్లా ఎర్రచిగురు తొడుగుద్ది. కత్తెర అంటే భయమైతే నరమామిడే పట్టుకెళ్ళండి."

మా ఆవిడ ఎండిన ఆకును మళ్ళీ తీసి, ఆ ఎర్రకొసల పక్కన పెట్టి చూసింది. "రంగు కలవదు" అంది. కాసేపు వూరుకుని, "అయినా చుట్టమేగా, నేరేడు" అంది. బేరం కుదిరింది.

నాటే పద్ధతి

మా నల్లటి బంకమట్టి గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళలో వుండేదే కనుక, ముసలాయన చెప్పిన పద్ధతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గొయ్యి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. గోడకు కనీసం రెండడుగుల ఎడం వుండాలి. తీసిన బంకమట్టిలో సగమే వాడి, మిగతా సగం ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన గెత్తం కలపాలి. పచ్చి గెత్తం వేస్తే వేరు మాడుతుంది. బంకనేలలో గొయ్యి తొట్టిలా నీళ్ళు నిలబెట్టుకుంటుంది, వానాకాలంలో వేరు కుళ్ళడానికి అదే కారణం. కాబట్టి మొక్కను నేలమట్టానికి నాలుగంగుళాలు ఎత్తుగా, చిన్న దిబ్బమీద కూర్చోబెట్టాలి. సంచి చింపేటప్పుడు వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకుని వుంటే మెల్లిగా విడదీయాలి. లేకపోతే అవి భూమిలోకి వెళ్ళకుండా అక్కడే తిరుగుతూ వుంటాయి. మొదటి ఏడు వెదురుకర్ర ఆసరా, మొదట్లో ఎండుటాకు గాని కొబ్బరిపీచు గాని కప్పడం, మట్టి పైపొర ఆరినప్పుడే నీళ్ళు. రోజూ బిందెడు పొయ్యడం ప్రేమ అనుకుంటాము గాని మొక్క అలా అనుకోదు.

కత్తిరింపు ఏడాదికి మూడు నాలుగుసార్లు, పైపైన, చేతికి అందినంత వరకే. మండువేసవిలో వద్దు. కోసిన రెండు మూడు వారాలకు చెట్టంతా ఎర్రగా చిగురిస్తుంది. కాబట్టి ఇంట్లో శుభకార్యం వుంటే మూడు వారాల ముందు కత్తెర వేస్తే సరి, ముహూర్తానికి చెట్టు ముస్తాబై వుంటుంది! ఆకు వెనక పొలుసు పురుగు, దానిమీద మసిలాంటి బూజు కనిపిస్తే ఆ కొమ్మ తీసేసి, సబ్బునీళ్ళతో తుడవాలి. ఏ మొక్క కోసినా సరే, కళ్ళజోడు పెట్టుకోవడం, చేతులు సబ్బుతో కడిగేదాకా ముఖం ముట్టుకోకపోవడం మా ఇంట్లో ఇప్పుడు చట్టం.

డిసెంబరు

పాప వచ్చింది. ఆటో దిగీ దిగగానే, మేము అనుకున్నట్టే, గేటు తెరిచి సూటిగా చెట్టు దగ్గరికి పోయి ఒక ఎర్రచిగురు తుంచింది. నేను ఉలిక్కిపడి ముందుకు దూకబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. పాప దాన్ని నలిపి, వాసన చూసి, నాకు ఇచ్చింది. "తాతయ్యా, మా ఇంట్లో చెట్టుకు ఇప్పుడు ఆకుల్లేవు" అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక జనవరిలో ఒక రాత్రి అమ్మాయి ఫోను చేసింది. అక్కడ అప్పుడు పొద్దున్న. ఆ ఆల్‌బుకరా చెట్టు మంచులో మోడుగా, నల్లటి పుల్లల కట్టలా నిలబడి వుంది. మా ఆవిడ లేచి వీధి దీపం వేసి, సంక్రాంతికని నేను మూడు వారాల ముందు కత్తిరించిన మా చెట్టు ముందు ఫోను పట్టుకుంది. చెట్టంతా ఎర్రగా చిగురించి వుంది.

"అమ్మా, ఇంకాస్త దగ్గరగా చూపించు" అంది అమ్మాయి.

ఇప్పుడు పొద్దుటి కాఫీ వేళ ఫోను అక్కణ్ణించే వస్తున్నది.